ఏడో పాట దగ్గర

పోయిన శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న వేదిక మీద నలుగురు కుర్రాళ్లు వాయించారు. ఎవరికీ ఇరవై రెండేళ్లు దాటి ఉండవు. మొదటి అరగంట దుమ్ము లేపారు. ఒక్కో పాట రెండు నిమిషాలు కూడా లేదు. ముందున్న పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, పడ్డవాళ్లను చెయ్యిచ్చి లేపుతూ గెంతారు. తర్వాత బేస్ గిటార్ వాయించే అబ్బాయి కొంచెం వంగి, అన్నిటికన్నా లావుగా ఉన్న తీగ మర తిప్పి వదులు చేశాడు. డ్రమ్మర్ కర్రలు పైకెత్తి ఒక్క దెబ్బ వేశాడు. రెండో దెబ్బ పడేలోపు నేను ఒక ఊపిరి తీసి వదిలాను. అంత ఖాళీ. ఆ పాట ఏడు నిమిషాలు నడిచింది.

రెండో నిమిషానికే జనం పలచబడ్డారు. కొందరు ఫోన్లు తీశారు, కొందరు టీకి బయటికి వెళ్లారు. నా పక్కనున్నతను, "మంచిగ కొడుతున్నరనుకున్న, మధ్యల ఈ ఏడుపేంది బై" అన్నాడు. వాళ్ల స్నేహితుడు, "పంక్ ఇడిశిపెట్టి మెటల్‌కు పోయిండ్రు, ఇగ అయిపోయిండ్రు" అన్నాడు.

ఆ రెండో మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. పంక్ అంటే కోపంగా, గబగబా, సాదాగా వాయించే రాక్. మెటల్ అంటే బరువైన గిటార్ల రాక్. ఇరవై ఏళ్ల కిందట మా డ్రమ్మర్‌ని ఉద్దేశించి ఇదే మాట అన్నారు. అప్పుడు నేను పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటాను. నేను నమ్మేది ఇది: పంక్ బ్యాండ్ నెమ్మదించిందంటే దాని కోపం చల్లారిందని అర్థం కాదు. కోపం ఇంకా లోపలే ఉండిపోయినవాళ్లే అలా నెమ్మదిస్తారు. చల్లారినవాళ్లు పాత వేగంతోనే హాయిగా వాయిస్తూ ఉండగలరు, ఎందుకంటే అది వాళ్లకు అలవాటైపోయింది.

మాది మెట్టుగూడ. రైల్వే క్వార్టర్స్, చర్చిలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉన్న చోటు కాబట్టి సికింద్రాబాద్‌లో మా వైపు గిటార్ కొత్త వస్తువేం కాదు. ఆదివారం పొద్దున ఏ గల్లీలో నడిచినా ఏదో ఒక ఇంట్లోంచి వినిపించేది. 2004లో ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా నలుగురం కలిసి బ్యాండ్ పెట్టాం. నాది గిటార్. పంక్ మాకు ఎందుకు పట్టిందంటే, మూడు కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మీటే స్వరాల గుత్తులు, వస్తే పాట కట్టొచ్చు. ఖరీదైన సామాను అక్కర్లేదు, గురువు అక్కర్లేదు, ఎవరూ సరేననక్కర్లేదు. బ్యాక్‌లాగులు, క్యాంపస్ సెలక్షన్ల టెన్షన్ మధ్య రోజుకు రెండు గంటలు గొంతు చించుకోవడానికి మాకు దొరికిన చోటు అదొక్కటే. అది మాకు ఎంత అవసరమో బయటివాళ్లకు చెప్పినా అర్థమయ్యేది కాదు.

పాటలు అమీర్‌పేటలో నెట్ సెంటర్‌కు పోయి దింపుకుని, సీడీలో రైట్ చేయించుకునేవాళ్లం. బ్లాక్ ఫ్లాగ్ అనే అమెరికన్ బ్యాండ్ ఆల్బమ్ 'మై వార్' అలాగే చేతికొచ్చింది. మొదటి ఆరు పాటలు అటూ ఇటుగా మాకు తెలిసిన బ్లాక్ ఫ్లాగే. ఏడో పాట మొదలవగానే ఫైల్ పాడైందనుకున్నాం. అరిగిపోయిన బ్యాటరీలతో టేప్ రికార్డర్ నడిచినట్టు ఉంది. గిటార్ ఈడ్చుకుంటూ వస్తోంది, గాయకుడు బావిలోంచి అరుస్తున్నట్టున్నాడు. మా డ్రమ్మర్ మర్నాడు మళ్లీ అమీర్‌పేట వెళ్లి అదే పాట ఇంకోసారి దింపుకొచ్చాడు. అదే వచ్చింది. ఎనిమిదో పాట కూడా అంతే, తొమ్మిదోదీ అంతే.

సంగతేమిటో తర్వాత చదివి తెలుసుకున్నాం. 1984లో అది ఎల్పీ రికార్డుగా వచ్చింది. మొదటి వైపు ఆరు పాటలు, రెండో వైపు మూడే. ఆ మూడూ ఒక్కొక్కటి ఆరు నిమిషాలు దాటినవి. కొన్నవాడు లేచి వెళ్లి, రికార్డు తిప్పి, సూది దించి, తన చేత్తో తానే ఆ బురదలో అడుగుపెట్టాలి. మా సీడీలో ఆ తిప్పడం లేదు. నడుస్తూ నడుస్తూ గోతిలో పడ్డట్టు పడ్డాం.

ఇక్కడ ఆ బ్యాండ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే "మెటల్‌కు పోయిండ్రు" అనే మాటను మొట్టమొదట గట్టిగా పడ్డవాళ్లలో వాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో హెర్మోసా బీచ్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో 1976లో మొదలైన బ్యాండ్ అది. గిటారిస్టు గ్రెగ్ గిన్ కుర్రతనంలోనే హామ్ రేడియో సామాను తయారుచేసి పోస్టులో అమ్మేవాడు. ఆ వ్యాపారం పేరు సాలిడ్ స్టేట్ ట్యూనర్స్. తర్వాత దాన్నే ఎస్‌ఎస్‌టీ అని కుదించి, తమ రికార్డులు తామే వేసుకునే కంపెనీకి పెట్టాడు. కోఠిలో గుజరాతీ గల్లీ మెట్ల మీద కూర్చుని సోల్డరింగ్ చేసే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు గిన్ గుర్తొస్తాడు. వాళ్ల మొదటి రికార్డులో నాలుగు పాటలు. నాలుగూ కలిపితే ఐదు నిమిషాల పైచిలుకు. మన సినిమా పాట ఒకటి అయ్యేలోపు వాళ్ల రికార్డు మొత్తం అయిపోతుంది.

1981లో హెన్రీ రాలిన్స్ గాయకుడిగా చేరాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు, వాషింగ్టన్ నగరంలో ఐస్‌క్రీమ్ షాపులో పని. ఆ ఏడాది చివర 'డ్యామేజ్డ్' వచ్చింది. దాన్ని పంపిణీ చేయాల్సిన పెద్ద కంపెనీ ఇది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన సరుకని వెనక్కి తగ్గింది. మధ్యలో ఉన్న యూనికార్న్ అనే కంపెనీతో కోర్టు గొడవలు మొదలయ్యాయి. బ్లాక్ ఫ్లాగ్ పేరుతో కొత్త రికార్డు తేవడానికి వీల్లేకుండా పోయింది. 1982లో పాత రికార్డింగులు కలిపి ఒకటి వేస్తే, అట్ట మీద బ్యాండ్ పేరు లేకుండా వేయాల్సి వచ్చింది. అయినా కోర్టు ఊరుకోలేదు. ఆ వ్యవహారంలో గిన్, అప్పటి బేసిస్టు చక్ డుకౌస్కీ కోర్టు ధిక్కారం కింద ఐదు రోజులు జైల్లో ఉన్నారు. 1983 చివర్లో యూనికార్న్ దివాలా తీశాకే వాళ్ల పేరు వాళ్లకు దక్కింది.

రెండేళ్లు. అరిచే గొంతుంది, గంటలకొద్దీ రిహార్సల్ ఉంది, వ్యాన్ ఎక్కి ఊరూరా తిరగడం ఉంది, కానీ పాట మీద సొంత పేరు వేసుకునే హక్కు లేదు. ఆ రెండేళ్ల తర్వాత వచ్చిన పాటలు అవి. డుకౌస్కీ అప్పటికే బ్యాండ్‌లోంచి తప్పుకున్నాడు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట మాత్రం అతను రాసిందే. బేస్ వాయించడానికి మనిషి లేక గిన్ తానే వాయించి డేల్ నిక్సన్ అని మారుపేరు వేసుకున్నాడు. ఇన్ని తెలిశాక ఏడో పాట మళ్లీ వినండి. కోర్టు బయట బెంచీ మీద వాయిదా కోసం కూర్చున్నవాళ్ల కాలం ఎలా నడుస్తుందో ఆ పాట అలా నడుస్తుంది. ఇది నా అర్థం, గిన్ ఎక్కడా ఇలా చెప్పాడని అనను. మా ఇంట్లో ఒక భూమి తగాదా పదకొండేళ్లు నడిచింది. వాయిదా రోజున పొద్దున తొమ్మిదికి వెళ్లిన నాన్న సాయంత్రం ఐదుకు వచ్చి, చెప్పులు విప్పి, ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాడు. ఆ కూర్చోవడాన్ని రెండు నిమిషాల పాటలో పెట్టడం కుదరదు.

1984లో పంక్ పత్రికలు ఆ రెండో వైపును ఏకిపారేశాయి. కచేరీలకు వచ్చిన వాళ్లు జుట్టు పెంచిన బ్యాండ్‌ను చూసి ఇదేంటని అడిగారు. గిన్‌కు మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ ఇష్టం, గ్రేట్‌ఫుల్ డెడ్ అయితే ప్రాణం. హిప్పీల బ్యాండ్‌ను ఇష్టపడేవాడు పంక్ ఎలా అవుతాడని వాళ్ల బాధ. గమనించండి, అప్పటికి హార్డ్‌కోర్ పంక్, అంటే ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా కొట్టే పంక్, పుట్టి పట్టుమని పదేళ్లు కాలేదు. అప్పుడే దానికి యూనిఫాం వచ్చేసింది. జుట్టు ఇంత ఉండాలి, పాట ఇంత ఉండాలి, డ్రమ్స్ ఇలా కొట్టాలి. ఎవడి మాటా వినక్కర్లేదని మొదలైన సంగీతంలో ఇన్ని రూల్స్. ఆ రోజు గదిలో అందరూ గెంతడానికి వస్తే, వాళ్ల ముందు నిలబడి ఆరు నిమిషాల పాట ఈడ్చి వాయించడానికి ఎంత ధైర్యం కావాలో వేదిక ఎక్కినవాళ్లకు తెలుసు. నాకు తెలుసు, ఎందుకంటే మేమూ ఒకసారి ఆ పని చేశాం.

2005లో మా డ్రమ్మర్ వాళ్ల నాన్న పోయారు. గుండెపోటు, యాభై ఏళ్లు కూడా నిండలేదు. వాళ్ల ఊరు భువనగిరి దాటి లోపలికి వెళ్లాలి. మేం ముగ్గురం బస్సులో వెళ్లాం. ఇంటి ముందు వేపచెట్టు కింద నలుగురు డప్పుల వాళ్లు ఎండుగడ్డితో మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. ఒకాయన డప్పును మంటకు అడ్డంగా పట్టి నెమ్మదిగా తిప్పుతున్నాడు. మధ్యమధ్య వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. ముందు మెత్తగా, తడిగుడ్డ మీద కొట్టినట్టు మోగింది. తోలు బిగిసేకొద్దీ శబ్దం పైకి లేచింది. ఇక చాలనుకున్నాక భుజానికి వేసుకుని, ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల పట్టుకున్నాడు.

మా డ్రమ్మర్ నాతో తర్వాత చెప్పాడు, వాళ్ల అక్క పెళ్లికి వాయించింది కూడా ఆ నలుగురేనట. అవే డప్పులు, అవే చేతులు. పెళ్లిరోజు వాళ్లు దరువెత్తుకుంటే ఊరంతా చిందేసిందట. ఈ రోజు అదే సిర్ర పడి, ఆగి, మళ్లీ పడుతోంది. మధ్యలో ఆడవాళ్ల ఏడుపు వినపడేంత జాగా. ఆ జాగా కోసమే దెబ్బను దూరంగా జరిపినట్టు అనిపించింది. శవం లేచాక, వాడు పాడె ముందు కుండ పట్టుకుని నడుస్తూ నడుస్తూ డప్పులాయన చేతుల వంకే చూస్తున్నాడు.

మన హైదరాబాద్‌కు వేగం నేర్పిన చప్పుళ్లు చాలా ఉన్నాయి. నిజాం కాలంలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో కొలువు చేసిన సిద్దీల పేటే ఇప్పటి ఏసీ గార్డ్స్. వాళ్లు నిలబెట్టిన మార్ఫా మోగితే బరాత్‌లో నిలబడటం ఎవరి తరమూ కాదు. తీన్మార్ మన ఒంట్లోనే ఉంది. అందుకే మన దగ్గర డ్రమ్స్ అంటే పరుగనే అనుకుంటారు. కానీ అదే తోలు, అదే పుల్ల నెమ్మదిగా మోగితే ఏం చెప్తుందో ఊళ్లో పుట్టినవాడికి ఒకరు నేర్పక్కర్లేదు. చావు డప్పును విని "ఇదేంది, దరువు పోయింది" అని ఎవరూ అనరు.

నెల తర్వాత మా డ్రమ్మర్ రిహార్సల్‌కు వచ్చాడు. మా పాత పాటే ఎత్తుకున్నాం, నిమిషంన్నర పాట. వాడు దాన్ని సగానికి సగం నెమ్మదిగా వాయించాడు. చూసుకోలేదేమో అనుకుని నేను ఆగాను. వాడు ఆగలేదు. నేను మళ్లీ అందుకున్నాను. నా వేళ్లకు అలవాటైన పాట నాకే కొత్తగా తగిలింది. వేగంగా వాయించేటప్పుడు ఒక తప్పు పడితే పక్క నోటు దాన్ని కప్పేస్తుంది. ఇక్కడ కప్పేది ఏదీ లేదు. కార్డ్ మోగుతూ మోగుతూ ఆగిపోయేదాకా నేను అక్కడే నిలబడాలి. మా బేసిస్టు లావు తీగను ఈ (E) స్వరం నుంచి డి (D) కి దించాడు. తీగ వదులై గిటార్ మెట్లకు తగిలి బర్రుమంది. మొదట ఆ బర్రు పోగొట్టాలని చూశాం, తర్వాత అదే బాగుందని వదిలేశాం. వాడు ఒక్కసారి కూడా వాళ్ల నాన్న గురించి మాట్లాడలేదు. ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆ పాటను ఒక కాలేజీ ఫెస్ట్‌లో చివర పెట్టాం. ముందు పాటలకు అరిచినవాళ్లే దీనికి వెనక్కి తిరిగి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "స్పీడ్ పెంచు భాయ్" అని ఎవరో అరిచారు. నాలుగో నిమిషంలో సౌండ్ ఆపేశారు, టైం అయిపోయిందన్నారు. వేదిక దిగుతుంటే తోటి బ్యాండ్ వాడొకడు మా డ్రమ్మర్‌ని చూపిస్తూ, వీడు మెటల్‌కు పోయాడు, మీ బ్యాండ్ అయిపోయినట్టేనన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది. మా డ్రమ్మర్ సింబల్స్ విప్పి గోనెసంచిలో సర్దుకుంటూ, "ఇంకో రెండు నిమిషాలుంటే అయిపోవురా" అన్నాడు. అంతే అన్నాడు.

కవిత్వం చదివేవాళ్లకు ఇది కొత్త కథ కాదు. 1965 మే 6 అర్ధరాత్రి ఇదే హైదరాబాద్‌లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆరుగురు కవులు, పెట్టుకున్న పేర్లే నిప్పులు. మర్యాదస్తుల సాహిత్యం మొహాన తిట్లు విసిరారు. నన్నడిగితే తెలుగులో పంక్ అదే, ఇంగ్లండ్‌లో పంక్ హోరెత్తడానికి పదేళ్ల ముందే. 1968 నాటికి మూడు సంపుటాలయ్యాయి. 1970లో విప్లవ రచయితల సంఘం, విరసం, ఏర్పడినప్పుడు నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అందులో చేరారు. అప్పుడూ కొందరికి ఆ తొలినాళ్ల కేకే కావాలనిపించింది. కేక అందరినీ లేపింది, నిజమే. లేచినవాళ్లకు తర్వాత ఏదో ఒకటి చెప్పాలి కదా. చెరబండరాజు జైళ్ల మధ్య, జబ్బు మధ్య పాటలు రాశాడు. ఆ పాటల్లో ఉన్నది చల్లారిన కోపమని నేను ఒప్పుకోను. తిట్టు మొదటిసారి తగులుతుంది, రెండోసారి నవ్వొస్తుంది, మూడోసారి వినేవాడు తానే అందించేస్తాడు. ఆ స్థితికి వచ్చాక కూడా తిడుతూ కూర్చుంటే ఆ తిట్టు ఎవరి కోసం?

అలాగని తీగ వదులు చేసిన ప్రతివాడూ గంభీరమైపోయాడని నేను అనను. ఎనభైల చివర్లో చాలా హార్డ్‌కోర్ బ్యాండ్లు మెటల్ వైపు మళ్లాయి. వాటిలో కొన్నిటికి సోలోలు పొడుగయ్యాయి తప్ప చెప్పేది పెరగలేదు. ఇంకోవైపు బ్లింక్ 182 అనే అమెరికన్ పంక్ బ్యాండ్ ఉంది. చిలిపి పాటలతో పేరు తెచ్చుకుని, 2003 ఆల్బమ్‌తో చీకట్లోకి దిగింది. మా క్లాసులో సగం మంది పెదవి విరిచారు. నాకు వాళ్లది ఇప్పటికీ అదొక్కటే వినబుద్ధవుతుంది. తేడా ఎక్కడుందని అడిగితే నేను దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వైపు చూపిస్తాను. బరువును వేషంగా వేసుకున్నవాళ్లు ఆ ఖాళీకి భయపడతారు. రెండు కాళ్లతో డ్రమ్ వాయించే డబుల్ కిక్కో, కీబోర్డో, ఇంకో గిటారో తెచ్చి దాన్ని పూడుస్తారు. నిజంగా మోస్తున్నవాళ్లు దాన్ని అలాగే వదిలేస్తారు, మనం అందులో నిలబడలేక అటూ ఇటూ కదిలేదాకా. శనివారం ఆ కుర్రాళ్లు వదిలేశారు. జనం అందుకే కదిలారని నా అనుమానం. విసుగు పుట్టి వెళ్లినవాళ్లు కొందరుంటారు, ఉండలేక వెళ్లినవాళ్లు కొందరు.

బ్లాక్ ఫ్లాగ్ 1986లో విడిపోయింది. ఆ రెండో వైపును తిట్టినవాళ్లకన్నా దాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లే ఎక్కువ పని చేశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కలప కోసే చిన్న ఊళ్ల నుంచి వచ్చిన మెల్విన్స్ మొదట గబగబా వాయించేవాళ్లు. వాళ్లూ అటే తిరిగి, బ్లాక్ ఫ్లాగ్ కన్నా నెమ్మదించారు. వాళ్లను చూస్తూ పెరిగిన కుర్రాడు కర్ట్ కొబేన్. తనకు నచ్చిన యాభై ఆల్బమ్‌ల జాబితా చేత్తో రాసుకుంటే అందులో 'మై వార్' ఉంది. అతని బ్యాండ్ నిర్వాణ మొదటి ఆల్బమ్ 'బ్లీచ్' 1989లో వచ్చింది, దాని రికార్డింగ్ ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. రెండేళ్ల తర్వాత వాళ్ల పాటలు ప్రపంచమంతా వింది. అమీర్‌పేటలో మాకు దొరికినవాటిలోనూ మొదట అవే ఉన్నాయి. ఏడో పాట నుంచి మా దాకా దారి అలా వచ్చింది.

శనివారం ఆ కుర్రాళ్లు దిగాక నేను వెళ్లి మాట్లాడాను. ఈసారి నవ్వి ఊరుకోకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను. ఆ చివరి పాట తీసెయ్యొద్దని చెప్పాను. డ్రమ్మర్ నా మొహంలోకి చూసి, "నిజంగనే నచ్చిందా అన్నా? అందరు పోయిండ్రు కదా" అన్నాడు. అందరూ పోలేదు, ముందు వరుసలో ఒకమ్మాయి చివరిదాకా కదలకుండా నిలబడింది, నేను చూశాను, అదే చెప్పాను. వాళ్లకు ఆ సంగతి తెలియదు. వేదిక మీద లైట్లు కళ్లలో పడితే ఎదురుగా ఏమీ కనిపించదు.

బేస్ అబ్బాయి ఒక మూల కూర్చుని గిటార్ ఒళ్లో పెట్టుకుని లావు తీగను మళ్లీ బిగిస్తున్నాడు, డి నుంచి ఈ కి. చెవి తీగ దగ్గర పెట్టి, కొంచెం తిప్పి, మీటి, మళ్లీ తిప్పుతున్నాడు. కచేరీ అయిపోయింది కదా, ఇంటికెళ్లి చేసుకోవచ్చు కదా అని అడిగాను.

"ఇది డాడీది అన్నా. పొద్దున చర్చిల వాయించాలె" అన్నాడు.